ఏలీయా చెప్పని తొమ్మిదేళ్లు

ఏలీయా సాక్ష్యం చెప్పడానికి లేచాడంటే వెనక వరసల్లో ఉన్నవాళ్ళు కూడా ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. ప్రభువు తమ బతుకులో ఏం చేశాడో నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడాన్ని మావాళ్ళు సాక్ష్యం అంటారు. మెదక్ పెద్దచర్చి చుట్టుపక్కల కుటుంబాల్లో అది చెప్పనివాళ్ళు తక్కువ. జబ్బు తగ్గిందనో, పిల్ల పాసయిందనో, ఇంట్లో కొట్లాటలు చల్లారాయనో చెబుతుంటాం. ఏలీయాది అలాంటి సాక్ష్యం కాదు. అతను చెబుతుంటే వినేవాళ్ళ చేతివేళ్ళు వాళ్ళకు తెలియకుండానే బిగుసుకునేవి.

రాందాస్ చౌరస్తా దాటాక అతనికి రేకుల పంక్చర్ షాపు ఉండేది. యాభై నాలుగేళ్ళ మనిషి, పొట్టి, బక్కపలచన. నేను ఇక్కడి బడిలో పాఠాలు చెబుతాను, ఆదివారాలు చర్చిలో పాటలు పాడతాను. పదేళ్ళుగా నా స్కూటర్ చక్రాలు ఏలీయా చేతుల్లోనే ఉన్నాయి. అతని సాక్ష్యం ఇరవైసార్లన్నా విని ఉంటాను. ఎప్పుడూ ఒకేలా మొదలయ్యేది.

“నేను కల్లు తాగేటోణ్ణి. చెట్టుకల్లు గాదు, డిపోల మందు కలిపిన కల్లు. పొద్దుగాల రెండు సీసలు పడకపోతే నా చేతులు నా మాట ఇనకపోయేటియి. ఒక ఎండకాలం పొద్దుగాల, ఇగ ముట్టనని ఒట్టేస్కున్న. మూడో దినం షురువైంది. సచ్చిపోయిన మా నాయిన గోడ మీద కూసొని నన్ను చూస్తుండు. మెడ పక్కకు తిరిగింది, మళ్ళ రాదు. నా నాలికె నేనే కొరుక్కున్న. మా యేసమ్మ తన చీరెతోని నన్ను మంచానికి కట్టేసి, నా కాళ్ళ మీద పడి ప్రార్థన చేసింది. ఎనిమిదో దినం కండ్లు తెరిచి గంజి అడిగిన. గా దినం నుంచి గీ దినం దాన్క సుక్క ముట్టలే.”

అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అతని నాలుక మీద మచ్చ నేను చూశాను. కానీ ఆ ఎండాకాలం పొద్దున అతను ఎందుకు ఒట్టేసుకున్నాడో ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. అడగలేదు కనుక అతను చెప్పలేదు.

ఏలీయా కల్లు తాగేవాడు మాత్రమే కాదు, కలిపేవాడు. అల్లాదుర్గ్ వెళ్ళే దారిలో జనార్దన్ అనే కాంట్రాక్టర్ కల్లు డిపోలో తొమ్మిదేళ్ళు అదే పని చేశాడు. చెట్లు ఇచ్చే కల్లు ఒక ఊరికి కూడా చాలదు. డిపో పది ఊళ్ళకు పంపాలి. అందుకని పెద్ద పెద్ద డ్రమ్ముల్లో కొంచెం కల్లు, బోలెడు నీళ్ళు, తీపి కోసం ఒక శాకరిన్ పలుకు, చివర్న సంచిలోంచి తెల్లటి పొడి. మనిషిని మత్తులో పడేసే మందు అది. ఏలీయా గ్లాసుతో కొలిచి పోసి, నిలువెత్తు కట్టెతో కలిపేవాడు. అది అలవాటైనవాడు ఒక్కరోజు మానినా ఒళ్ళు వణుకుతుంది, ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. కనుక ఎవరూ మానరు.

ఒక ఏప్రిల్‌లో కొత్త సంచి వచ్చింది. ఈ మందు గట్టిది, సగమే వెయ్యమని చెప్పి జనార్దన్ హైదరాబాదు వెళ్ళిపోయాడు. ఏలీయా అప్పటికే తాగి ఉన్నాడు. మూడో డ్రమ్ము దగ్గర లెక్క తప్పాడు. వేశానో లేదో అనుకుంటూ మళ్ళీ వేశాడు. ఆ డ్రమ్ములోని కల్లు సీసాల్లోకెక్కి ఒక ఊరికి పోయింది. మరుసటి పొద్దున ఆ ఊళ్ళో ముగ్గురు నిద్ర లేవలేదు. వడదెబ్బ అన్నారు. ఎండలు కూడా అలాగే ఉన్నాయి. మధ్యాహ్నానికి ముగ్గురినీ సాగనంపారు. ఆ ముగ్గురి పేర్లూ సీసాల ట్రాలీ నడిపేవాడు వచ్చి చెప్పాడు. ఏలీయా కట్టె గోడకు ఆనించి, ఎవరికీ చెప్పకుండా ఇంటికి నడిచొచ్చాడు. ఇగ ముట్టనని ఒట్టేసుకున్నది ఆ పొద్దున.

రెండేళ్ళ కిందటి ఫిబ్రవరిలో మా పాస్టర్ జయానందం అయ్యగారు పల్లెల్లో ప్రార్థన కూటాలు పెట్టారు. ఒక శనివారం అందరం వ్యానెక్కాం. ఊరు దాటాక ఏలీయా అడిగాడు.

“గియ్యాల ఏ ఊరికి అయ్యగారూ?”

అయ్యగారు చెప్పారు. ఆ ఊరి పేరు నేను రాయను. ఏలీయా కిటికీలోంచి కాసేపు బయటికి చూశాడు.

“నాకు పానం బాగలేదు. గీడ దింపుండ్రి, నడిచి పోత.”

“నీ సాక్ష్యం ఇననీకే పిలిచిండ్రయ్యా. జర ఓర్చుకో,” అని అయ్యగారు నవ్వారు. వ్యాను ఆగలేదు. ఏలీయా కూడా మళ్ళీ ఆపమనలేదు. దిగిపోయి ఉంటే ఏమయ్యేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నానని అతనే నాతో అన్నాడు.

ఆ సాయంత్రం అతను రోజూ చెప్పినట్టే చెప్పాడు. జనం రోజూ విన్నట్టే విన్నారు. ప్రార్థన అయ్యాక షామియానా గుంజ దగ్గర నిలబడ్డ ఒక ఆడమనిషి నేరుగా అతని దగ్గరికి వచ్చింది. అరవైకి దగ్గరపడ్డ మనిషి. ఐలమ్మ ఆమె పేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. రెండు మేకలతో ఒక్కతే ఉంటుంది.

“తమ్మీ, నా కొడుకు శ్రీనివాస్ గూడ గదే డిపో కల్లు తాగిండు,” అంది. “ఇరవై ఆరేండ్లు. ట్రాక్టర్ నడిపేటోడు. పొద్దుమూకినంక తాగి పన్నడు, తెల్లారి లేవలే. వడదెబ్బని రాసిండ్రు. పొద్దుమూకినంక వడదెబ్బ యాడికెళ్ళి వస్తది? పోనీ. నిన్ను బతికిచ్చిన దేవుడు వాణ్ణెందుకు ఇడిసిపెట్టిండు? గది చెప్పు.”

ఏలీయా ఆమె ముఖం చూడలేదు.

“నాకు తెల్వదక్కా.”

సాక్ష్యం పేరు మీద తాను నోటితో చెప్పిన మొదటి అబద్ధం అదేనని అతను నాకు చెప్పాడు.

మరుసటి ఆదివారం ఐలమ్మ బస్సెక్కి మెదక్ వచ్చింది. చెప్పులు బయట వదిలి, పెద్దచర్చి లోపల చివరి స్తంభం పక్కన కూర్చుంది. మా అందరికీ ముచ్చటేసింది. ఏలీయా సాక్ష్యం ఒక మనిషిని తీసుకొచ్చింది అనుకున్నాం. ఎందుకొచ్చావని అయ్యగారు అడిగితే ఆమె తడుముకోకుండా చెప్పింది.

“మీ దేవుడెవరో నాకెర్కలేదు. గీ మనిషి లేచి నిలబడ్డడు గద, అంటే ఏడనో ఉన్నడన్నట్టే. ఉంటే నేనడిగేటిది ఉన్నది.”

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వచ్చేది. ఆరాధన అయ్యాక ఏలీయా ఇంటికి వెళ్ళి యేసమ్మ దగ్గర కూర్చునేది. ఒక్కోసారి వారం మధ్యలో కూడా వచ్చి, చింతచిగురో జొన్నరొట్టెలో ఇచ్చి పోయేది. కొడుకు సంగతులు చెప్పేది. వాడికి రెండు జేబుల అంగీలంటే ఇష్టమట. పప్పులో కారం తక్కువైతే కంచం పక్కకు జరిపేవాడట. ఆ రొట్టె తుంచి నోట్లో పెట్టుకోవాల్సింది ఏలీయా. ఎంత బతిమాలినా మూడున్నర బస్సు దాటి మాత్రం ఉండేది కాదు. ఆలస్యమైతే నుదుట చెమట పట్టేది, పైట కొంగు నలుపుతూ లేచి నిలబడేది. మేకల మీద బెంగ అనుకున్నాం.

ఈస్టర్ ముందు ఆమె బాప్తిస్మం తీసుకుంటానంది.

“గా దినం నేను గూడ సాక్ష్యం చెప్త,” అంది ఏలీయాతో. “ఎవల మాటిని వచ్చిన్నో చెప్త. నువ్వు నా పక్కన నిలబడాలె తమ్మీ. నాకింకెవలున్నరు?”

అప్పటి నుంచి ఏలీయాకు పని మీద ధ్యాస తప్పింది. నా కళ్ళతో చూశాను. ఒకరోజు నా స్కూటర్ ట్యూబు నీళ్ళ తొట్టిలో ముంచి చూస్తున్నాడు. బుడగలు వరసగా పైకి వస్తున్నాయి. అతను వాటినే చూస్తూ “ఏం లేదు సారూ, మంచిగనే ఉంది” అన్నాడు. ఏమైందయ్యా అని అడిగాను. షట్టరు సగం కిందికి లాగి, కింద కూర్చుని, తొమ్మిదేళ్ళ సంగతీ మూడో డ్రమ్ము సంగతీ నాకు చెప్పాడు. చెప్పాక నా ముఖం చూశాడు. నేను ఏమన్నానో నాకు గుర్తులేదు.

ఆ సాయంత్రమే అతను అయ్యగారి దగ్గరికి వెళ్ళాడు. అంతా విని అయ్యగారు లేచి కిటికీ మూశారట.

“దేవుని దగ్గర ఒప్పుకున్నవా?”

“పదేండ్ల సంది ఒప్పుకుంటనే ఉన్న.”

“అయితే ఆయన క్షమించిండు. ఇగ ఐలమ్మకు చెప్పాలంటవు. చెప్పు. ఆమెకొక్కదానికే చెప్పు. మైకుల వద్దు. డిపో ఇంక నడుస్తుంది ఏలీయా. జనార్దన్ సంగతి నీకు నేను చెప్పాల్నా?”

“ఆమెకొక్కదానికి చెప్తే నా బరువు దిగుతది అయ్యగారూ. మరి గియ్యాల పొద్దుగాల కలిపిన డ్రమ్ము సంగతేంది?”

మైకుల మాత్రం వద్దని అయ్యగారు మళ్ళీ అన్నారు. మంచివారాయన. భయం ఆయన కోసం కాదు, సంఘం కోసం. పల్లెల్లో కూటాలు పెట్టుకోవాలంటే పది మందితో మంచిగా ఉండాలి. ఆ పది మందిలో జనార్దన్ ఒకడు.

మాట ఎలా బయటికి పోయిందో ఇప్పటికీ తెలియదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒకాయన స్కూటర్ తోసుకుంటూ ఏలీయా షాపు ముందు ఆగి గాలి పట్టమన్నాడు. టైరు బిగువుగానే ఉంది. తలెత్తి చూస్తే జనార్దన్. తెల్లంగీ, నుదుట బొట్టు, మెత్తటి గొంతు. బల్ల మీద తుడిచి మరీ కూర్చున్నాడు.

“సాక్ష్యం మస్తు చెప్తున్నవంట గద ఏలీయా. మా ఇంటి దాన్క ఇనొస్తుంది.”

ఏలీయా పైపు పట్టుకుని నిలబడ్డాడు.

“చెప్పు. తాగిన అని చెప్పు, ఇడిసిపెట్టిన అని చెప్పు. నీ దేవునికి నేను గూడ దండం పెడత. గని డ్రమ్ము కాడ నిలబడ్డది నువ్వు. కట్టె నీ చేతిలుండె. గా పొద్దు నేను ఊర్లనే లేను, యాదికుందా? రేపు పోలీసోళ్ళు అడిగితే ఎవని పేరు రావాలె?”

“నా పేరే సారూ.”

“గంతే మరి. నీకు తెలివున్నది.” లేచి, టైరును బొటనవేలితో నొక్కి చూశాడు. “ఐలమ్మ బుధవారం రొట్టెలు తెచ్చిందంట. పాపం ఒక్కతే ఉంటది. ఊరవతల ఇల్లు. జర చెప్పు ఆమెకు, గట్ల ఒంటిగ తిరగొద్దని.”

స్కూటర్ తోసుకుంటూ కాదు, స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఏలీయా యేసమ్మకు చెప్పాడు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆమెకు డిపో పని తెలుసు. ఆ డ్రమ్ము సంగతి తెలియదు. చెబుతున్నంతసేపూ ఆమె చాటలో బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. అన్నం పెట్టేది, పక్కకు పోయేది. మూడోరోజు పొద్దున నోరు విప్పింది.

“నిన్ను మంచానికి కట్టేసిన్నాడు ఒక పేరు ఒర్లినవ్. శ్రీనివాసూ, శ్రీనివాసూ అని. నీ దోస్తు అనుకున్న. మొన్న ఐలమ్మక్క కొడుకు పేరు చెప్పినంక గూడ నాకు ఎలగలే.” టీ గ్లాసు అతని ముందు పెట్టింది. “పో. చెప్పు. నేను పక్కన నిలబడ్త.”

బాప్తిస్మానికి ముందురోజు, శనివారం నాలుగింటికి, ఐలమ్మ వాకిట్లో ప్రార్థన పెట్టుకున్నాం. నలభై మంది దాకా వచ్చారు. ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు, మగవాళ్ళు గోడ వారగా నిలబడ్డారు. అలికి ముగ్గువేసిన ఇంటిముందు ఐలమ్మ కొత్త చీరలో తిరుగుతూ అందరికీ నీళ్ళిస్తోంది. కిందటేడు పెళ్ళిళ్ళలో కూడా ఆమె ముఖం అంత వెలుగ్గా చూడలేదని పక్కింటావిడ అంది. పాట ఎత్తుకున్నాను గాని శ్రుతి నిలవలేదు.

ఏలీయా లేచాడు. యేసమ్మ కూడా లేచి అతని పక్కన నిలబడింది.

“ఇన్నేండ్లు నేను మీకు సగమే చెప్పిన,” అన్నాడు. “దేవుడు నన్ను బతికిచ్చిన మాట నిజం. ఏంట్లకెళ్ళి బతికిచ్చిండో చెప్పలే. మీరు తాగే కల్లుల మందు కలిపినోణ్ణి నేను. తొమ్మిదేండ్లు కలిపిన. గీ ఊర్ల ముగ్గురు సచ్చిన నాడు, గా డ్రమ్ముల మందు ఏసింది నేను. వడదెబ్బ గాదు. లెక్క తప్పి రెండుసార్లు ఏసిన. తాగి ఉంటి. ఐలమ్మక్కా, నీ కొడుకును దేవుడు ఇడిసిపెట్టలే. నేను సంపిన.”

గోడవార నిలబడ్డవాళ్ళలో ఒకడు మెల్లగా జేబులోంచి ఫోన్ తీసి బయటికి నడిచాడు.

“గియ్యాల గూడ గదే డిపోల గదే మందు కలుస్తుంది,” అన్నాడు ఏలీయా. “రేపు గూడ కలుస్తది. నేను పోయి ఆబ్కారోళ్ళకు చెప్త.”

ఐలమ్మ చేతిలో నీళ్ళ చెంబు ఉంది. దాన్ని కింద పెట్టింది. ఒలకకుండా జాగ్రత్తగా పెట్టింది.

“నీకు ఎన్నడెర్క? గాడు నా కొడుకని?”

“మొదటి దినమే. షామియాన కాడ నువ్వు అడిగిన్నాడే.”

“ఎర్కుండి నా రొట్టె తిన్నవా?”

“తిన్ననక్కా.”

ఆమె ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినిపించింది. ఏడుపు మాత్రం వినిపించలేదు. ఆ చప్పుడు లేని ఇంటి ముందు మేము చాలాసేపు నిలబడ్డాం. తిరిగి వచ్చేటప్పుడు వ్యానులో ఎవరూ ఏలీయా పక్కన కూర్చోలేదు, యేసమ్మ తప్ప.

ఆదివారం బాప్తిస్మానికి ఐలమ్మ రాలేదు.

సోమవారం ఏలీయా ఆబ్కారీ ఆఫీసుకు పోయి అంతా రాయించి వేలిముద్ర వేసి వచ్చాడు. “నీ మీద గూడ కేసైతది, ఎర్కేనా?” అని అక్కడి అధికారి అడిగితే, “కానియ్యుండ్రి” అన్నాడట. ఎలాగూ దాచేస్తారని ఊళ్ళో అందరూ అనుకున్నారు. కానీ పదకొండో రోజున పైనుంచి వేరే జట్టు దిగి డిపో మీద పడింది. సంచులు దొరికాయి. డ్రమ్ములు కాలువలో ఒంపారు. జనార్దన్‌ను తీసుకుపోయారు. చుట్టుపక్కల దుకాణాలన్నింటికీ సీలు పడింది.

మేము దేవునికి స్తోత్రం చెప్పుకున్నాం. ఏలీయా చెప్పలేదు. క్యాలెండరు ముందు నిలబడి వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టాడు.

“ఇయ్యాల ఏం గాదు సారూ. రేపు గూడ ఏం గాదు. ఎల్లుండి సంది చూడుండ్రి,” అన్నాడు నాతో. “నాకైతే యేసమ్మ ఉండె. ఊరు ఊరంత పడితే ఎవలను ఎవలు కట్టేస్తరు?”

జిల్లా దవాఖానకు పోయి చెప్పాడు. రాసుకున్నారు. మళ్ళీ పోయి చెప్పాడు. చూద్దామన్నారు.

మొదటిరోజు మధ్యాహ్నం సీసాల ట్రాలీ వచ్చే వేళకు ఐలమ్మ వాళ్ళ ఊళ్ళో జనం ఖాళీ సీసాలు పట్టుకుని దుకాణం ముందు నిలబడ్డారట. పొద్దుగూకేదాకా అలాగే నిలబడ్డారు. రెండోరోజు చేతుల్లోంచి గ్లాసులు జారాయి. మూడోరోజు పశువులను విప్పేవాడు లేడు. ఒక ముసలాయన గోడతో మాట్లాడుతున్నాడు. నడివయసు మనిషి ఒకడు రోడ్డు మధ్యలో చొక్కా చింపుకుని, ఒంటి మీద లేని చీమలను దులుపుకుంటున్నాడు. మెడలు పక్కకు తిరిగిపోయి, కళ్ళు తేలేసి, వాకిళ్ళలో పడిపోయారు. పడినవాళ్ళను ఊరివాళ్ళు బడిలోకి మోసుకొచ్చారు. అంబులెన్సులు వచ్చేసరికి నాలుగోరోజు. దవాఖానలో మంచాలు చాలక మిగిలినవాళ్ళను ఆ బడిలోనే ఉంచారు, డాక్టర్లే అక్కడికి వచ్చారు.

ఏలీయా మూడోరోజే వెళ్ళాడు. నేను స్కూటర్ మీద దింపాను. బడి గేటు దగ్గర ఒక మనిషి అతని అంగీ పట్టుకున్నాడు.

“నీతోనే గద ఇది! మా అవ్వ సస్తుంది లోపల. మందు యాడ దొరుకుతదో చెప్పు, పావుసీస తెచ్చియ్యి, లేకుంటే నిన్ను గీడనే పాతిపెడత!”

“నాకు తెల్వదు తమ్మీ. మీ అవ్వ దగ్గరికి తోల్కపో నన్ను,” అన్నాడు ఏలీయా. ఆ మనిషి కొట్టాడు. పెదవి చిట్లింది. కొట్టినవాడే ఏడుస్తూ అతన్ని లోపలికి తీసుకుపోయాడు.

ఏడు రోజులు అతను అక్కడే ఉన్నాడు. డాక్టర్లకు చేతి కింద పనిమనిషిలా తిరిగాడు. ఫిట్స్ వచ్చినవాళ్ళను పక్కకు తిప్పి పట్టుకోవడం, నోట నురగ తుడవడం, గంజి తాగించడం. గోడ మీద ఎవరో కూర్చున్నారని కేకలేసేవాళ్ళతో, “నాకు గూడ కనవడ్డరు. పోతరు. నాలుగు దినాలల్ల పోతరు” అని చెప్పడం. అతని సాక్ష్యాన్ని అంత దగ్గరగా ఎవరూ ఎప్పుడూ విని ఉండరు.

వెళ్ళిన రెండోరోజు మూడో తరగతి గదిలో మూలన ఒక మనిషి ముడుచుకుని వణుకుతూ కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే ఐలమ్మ. కొడుకు పోయినప్పటి నుంచి రోజూ సాయంత్రం ఒక సీసా తాగనిదే ఆమెకు నిద్రపట్టదట. మాలో ఎవరికీ తెలియదు. ఆదివారాలు మూడున్నర బస్సు కోసం ఆమె పడ్డ తొందర మేకల కోసం కాదు.

ఆమె అతని మణికట్టు పట్టుకుంది. కళ్ళు అతని మీద ఉన్నాయి గాని అతన్ని చూడటం లేదు.

“సీనా, వచ్చినవా బిడ్డా? యాడికి పోయినవ్ గిన్నొద్దులు?”

“నేను ఏలీయాను అక్కా.”

“అన్నం తిన్నవా సీనా?”

“నేను సీనును గాదక్కా. ఏలీయాను.”

పక్కన ఉన్న నర్సు, ఊ అంటే ఏం పోయింది, నెమ్మదిస్తుంది కదా అంది. అతను అనలేదు. రెండు పగళ్ళు ఆమె ఆ పేరుతో పిలిచినప్పుడల్లా తన పేరు చెబుతూనే ఉన్నాడు. ఆమెకు ఇంకొక్క అబద్ధం కూడా చెప్పలేనని నాతో అన్నాడు. మూడోరోజు ఆమె కళ్ళు నిలకడగా తెరిచి అతన్ని గుర్తుపట్టింది. చెయ్యి వెనక్కు తీసుకుంది.

“నీళ్ళు తే,” అంది. తెచ్చాడు. తాగింది. “ఇగ జరుగు. గాలి రానియ్యి.” అంతే.

ఆ వారంలో ఇద్దరు పోయారు. ఒక ముసలాయన, బీడీలు చుట్టుకునే ఒక ఆడమనిషి. తాను నోరు విప్పినందుకు పోయినవాళ్ళు వాళ్ళని ఏలీయా అంటాడు. ముందు ముగ్గురు, తర్వాత ఇద్దరు. అది నీ తప్పు కాదని అయ్యగారు ఎన్నోసార్లు చెప్పారు. ఏలీయా వింటాడు, తల ఊపుతాడు. ఇప్పుడు ఎక్కడ సాక్ష్యం చెప్పినా ఐదుగురి పేర్లూ చెప్పే కూర్చుంటాడు. పిలిచేవాళ్ళు తగ్గారు. అలాంటిది వినడానికి ఎవరూ చాప ముందుకు జరుపుకోరు.

జనార్దన్ ఎండలు తగ్గకముందే బెయిలు మీద బయటికొచ్చాడు. డిపో మూసే ఉంది గాని, ఆ దారిలో ఇంకో పేరుతో ఇంకో దుకాణం తెరిచారు. ఒక పొద్దున ఏలీయా షాపు రేకులు చీల్చి ఉన్నాయి. గాలి మిషను పగలగొట్టి ఉంది. ఒక్క సామానూ పోలేదు. ఎవరి పనో చూసినవాళ్ళు లేరు. అతను ఇప్పుడు ఇంటి వాకిట్లోనే పంక్చర్లు వేస్తున్నాడు.

ఐలమ్మ ఆ ఏడు డిసెంబరులో బాప్తిస్మం తీసుకుంది. సాక్ష్యం చెప్పలేదు. “చెప్పేటిది ఉన్నది. ఇంక తయారు గాలే,” అంది అయ్యగారితో. ఏలీయాతో మాట్లాడదు. యేసమ్మతో మాట్లాడుతుంది. క్షమించావా అని ఎవరో తెలివితక్కువగా అడిగితే, “గది నాకూ దేవునికీ ఇంక తెగలే,” అంది.

కేసు మెదక్ కోర్టులో నడుస్తోంది. ఏలీయా అందులో ముద్దాయి, సాక్షి కూడా. వచ్చే వారం వాయిదాకు మొదట పిలిచేది ఐలమ్మను. కోర్టు సమను ఆమెకు అందింది. కోర్టు వరండాలో పోయినసారి జనార్దన్ ఆమె ముందు ఆగి, నవ్వుతూ మాట్లాడాడు.

“తాగుబోతుదాని సాక్ష్యం జడ్జి ఇంటడా అక్కా? నీ ఇజ్జతే పోతది.”

“తాగిన మాట నిజమే. ఎందుకు తాగిన్నో గదే చెప్త,” అంది ఐలమ్మ.

అప్పట్నుంచి సాయంత్రమైతే ఆమె ఇంటి మలుపులో ఒక మోటారుసైకిలు ఆగుతోంది. ఇద్దరు కూర్చుని ఉంటారు. ఏమీ అనరు. ఇంజను ఆపరు.

నిన్న యేసమ్మ బట్టల సంచి సర్దుకుని ఆ ఊరికి వెళ్ళింది, వాయిదా దాకా ఐలమ్మ దగ్గరే ఉంటానని. సాయంత్రం నేను వెళ్ళేసరికి ఏలీయా వాకిట్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ముందు విప్పిన చక్రం ఉంది గాని పని చేయడం లేదు. ఫోన్ మోకాలి మీద పెట్టుకుని చూస్తున్నాడు. ఆరున్నరకు మోగింది. నాకు వినపడాలని స్పీకరు పెట్టాడు.

“తిన్నం,” అంది యేసమ్మ. “ఐలమ్మక్క మంచిగనే ఉంది.”

“బండి వచ్చిందా?”

“వచ్చింది. గాడనే ఉంది, ఇద్దరున్నరు.” వెనక ఎవరో ఆడవాళ్ళ మాటలు వినిపించాయి, చాప దులుపుతున్న చప్పుడు. “మా దగ్గర పండనీకె వాడకట్టోళ్ళు ముగ్గురొచ్చిండ్రు. గండ్ల బళ్ళె నిన్ను కొట్టినోని అవ్వ గూడ ఉంది. మేము ఐదుగురం ఉన్నం.”

“తలుపు జర గట్టిగ ఏస్కోండ్రి.”

“ఇంక ఏస్కోలే,” అంది యేసమ్మ. “ఐలమ్మక్క అరుగు మీద కూసున్నది. వాళ్ళనే చూస్తుంది.”